మామ ఇచ్చిన పాత స్టీల్ మౌంటెన్ బైక్: తొక్కాలా, గోడకు తగిలించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ మేనమామ కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు, 1980ల మధ్యలో, ఒక ఫ్రేమ్ బిల్డర్‌కు తన కొలతలిచ్చి స్టీల్ మౌంటెన్ బైక్ చేయించుకున్నారు. ఇప్పుడది మీ చేతికొచ్చింది. మీరుండేది మిర్యాలగూడ. దాన్ని మన బాటల మీద తొక్కొచ్చా, సామాను దొరుకుతుందా, ముందు సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు పెట్టిస్తే బాగుంటుందా, లేక అలాగే దాచిపెట్టాలా అని మీ సందేహం.

తొక్కండి. ఫ్రేముకు పగుళ్లు లేకుండా, మీ ఒంటికి సరిపోతే చాలు, అది మిమ్మల్ని ఇంకా ఎన్నో ఏళ్లు మోస్తుంది. సస్పెన్షన్, డిస్కులు మాత్రం వద్దు. మీ డబ్బు టైర్లు, బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు, బేరింగుల మీద పెట్టండి. ఫ్రేము జోలికి పోవద్దు, అరిగేవన్నీ మార్చండి. మిగతాదంతా దీనికి వివరణే.

నేను నల్లగొండలో పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఫిట్టింగ్, వెల్డింగ్ నేర్పే పని చేశాను. మా బావ అమెరికా నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన ఇలాంటి చేతితో చేసిన స్టీల్ బండినే చాలా ఏళ్లుగా తొక్కుతున్నాను. దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు ఇలాంటివి ఉన్నవాళ్లు కొందరు వాటిని నా దగ్గరికే తెస్తుంటారు.

ముందు చూడాల్సింది తుప్పు కాదు, కొలత. షాపులో కొన్న సైకిలైతే మీడియం, లార్జ్ అని నలుగురికీ పనికొచ్చేలా చేస్తారు. మీ మామ బండి అలాంటిది కాదు. ఆయన కాలు పొడవు, మొండెం పొడవు, చేయి పొడవు తీసుకుని ఆయన ఒక్కరి కోసం గొట్టాలు కోసి అతికించారు. మీ ఇద్దరి ఎత్తూ ఒకటే అయినా ఒకరికి కాళ్లు పొడవుండొచ్చు, ఇంకొకరికి నడుము పైభాగం పొడవుండొచ్చు. అందుకని బూట్లు వేసుకుని బండికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడండి. పై గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే గుట్ట మీద హఠాత్తుగా దిగాల్సి వచ్చినప్పుడు దెబ్బ తగులుతుంది. ఆ ఖాళీ లేదంటే ఆ ఫ్రేము మీది కాదు, ఇంట్లో మీకంటే ఎత్తున్నవాళ్లకు ఇవ్వడమే న్యాయం. ఎంత ఖర్చు పెట్టినా అది మారదు.

ఖాళీ సరిపోయిందనుకోండి. మడమను కింది పెడల్ మీద పెడితే కాలు నిటారుగా ఉండేంత ఎత్తులో సీటు పెట్టుకుని కొంచెం దూరం తొక్కి చూడండి. చేతులు బిగుసుకుపోయి, భుజాలు ముందుకు లాగినట్టుంటే హ్యాండిల్ మీకు దూరమైనట్టు. ఆ కాలం బండ్లకు హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ 130 మిల్లీమీటర్ల పొడవున్నవి కూడా మామూలే. పొట్టి స్టెమ్ వేస్తే ఇది సరిపోతుంది. అయితే మరీ పొట్టిది వద్దు. ఆ ఫ్రేము కోణాలు పొడవాటి స్టెమ్‌ను దృష్టిలో పెట్టుకుని వేసినవి కాబట్టి 80 కంటే కిందికి పోతే ముందు చక్రం తేలికై, ఎక్కేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. 90 లేదా 100తో మొదలుపెట్టండి. కొనేటప్పుడు క్విల్ స్టెమ్ అని, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులోకి దిగే కాడ 22.2 మిల్లీమీటర్లని అడగండి. ఆ కాడ మీద ఒక గీత ఉంటుంది, దాన్ని దాటి పైకి లాగొద్దు. హ్యాండిల్ అందడం లేదని సీటును ముందుకు జరిపే అలవాటు చాలామందికి ఉంది. దాంతో మోకాళ్లు పాడవుతాయి.

ఈ బండ్లు ఏ నేల కోసం పుట్టాయో తెలిస్తే మన దగ్గర ఎందుకు పనికొస్తాయో అర్థమవుతుంది. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కుర్రాళ్లు 1930ల, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్ల మీద కొండ బాటలు దిగేవాళ్లు. వెనక చక్రం మధ్యనుండే హబ్బులో, పెడల్ వెనక్కి తొక్కితే పట్టే కోస్టర్ బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు కాలిపోయేది, కిందికొచ్చాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు పెట్టాల్సి వచ్చేది. వాళ్లు పందేలు వేసుకున్న బాటకు రీప్యాక్, అంటే మళ్లీ గ్రీజు నింపడం, అనే పేరు అలా వచ్చింది. 1977లో జో బ్రీజ్ ఆ పని కోసమే కొత్తగా ఒక ఫ్రేము చేశాడు. 1979 నుంచి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ బండ్లు కట్టి అమ్మారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ వాళ్ల స్టంప్‌జంపర్ బండి వచ్చాక ఫ్యాక్టరీల్లో పెద్దఎత్తున తయారీ మొదలైంది. మీ మామ బండి ఆ తర్వాతది. షాపుల్లో తయారుగా దొరుకుతున్నా, కావాలని చేతితో చేయించుకున్న బండి. ఆ కొండలు ఎండాకాలమంతా వాన లేక, దుమ్ము, గులకరాళ్లతో ఉంటాయి. మన లతీఫ్ సాహెబ్ గుట్ట చుట్టూ జనవరి నుంచి మే దాకా ఉండే నేల దానికి ఏమంత దూరం కాదు.

ఇక ఫ్రేము పరీక్ష. దీన్ని తొందరపడకుండా, పగటి వెలుతురులో చేయండి. చక్రాలు తీసి, గుడ్డతో తుడిచి, చేతిలో టార్చి పట్టుకోండి. హ్యాండిల్ కింది పొట్టి గొట్టం నుంచి పెడల్స్ వైపు దిగే లావు గొట్టం ఉంటుంది కదా, దాని అడుగున, అతుకుకు ఒకటి రెండు అంగుళాల వెనక వేలిని మెల్లగా నడిపించండి. అక్కడ రంగు ముడత పడ్డట్టు, చిన్న ఉబ్బులాగా తగిలితే ఆ బండి ఎప్పుడో ఎదురుగా దేనికో గట్టిగా గుద్దుకుందన్నమాట. కంటికి కనపడకపోయినా వేలికి తెలుస్తుంది. తర్వాత పెడల్ ఇరుసు వెనక చైను వైపు గొట్టం, వెనక చక్రం ఇరుసు కూర్చునే కుడి వైపు డ్రాపవుట్, సీటు గొట్టం పైభాగం చూడండి. సన్నటి గీత, దాని పొడవునా తుప్పు మరక కనపడితే అది రంగు పగులు కాదు, ఇనుము పగులు అయ్యుండొచ్చు. రంగు కొంచెం గీకి చూస్తేగానీ తేలదు.

గొట్టాన్ని గోటితో కొట్టి వినండి. చివర్లలో మొద్దు శబ్దం, మధ్యలో ఖంగుమనే శబ్దం వస్తే అది బటెడ్ గొట్టం. అతుకుల దగ్గర మందంగా, మధ్యలో ఒక మిల్లీమీటరు కంటే పలుచగా లాగిన క్రోమోలీ స్టీలు. 4130 అని అంటారే, అది ఇదే. సుమారు ఒక శాతం క్రోమియం, కొద్దిగా మాలిబ్డినం కలిసిన ఉక్కు. అంత పలుచగా ఉన్నా బరువు మోసేది ఈ మిశ్రమం బలం వల్లే. ఈ పలుచదనం సంగతి గుర్తుంచుకోండి, వెల్డింగ్ దగ్గర మళ్లీ వస్తుంది.

ఫ్రేము వంకర ఉందో లేదో చూడటానికి దారం చాలు. వెనక ఒక డ్రాపవుట్‌కు కట్టి, ముందు హ్యాండిల్ కింది పొట్టి గొట్టం చుట్టూ తిప్పి, రెండో డ్రాపవుట్‌కు బిగించి కట్టండి. సీటు గొట్టం దగ్గర రెండు వైపులా దారానికీ గొట్టానికీ మధ్య దూరం కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా అయితే పట్టించుకోనక్కర్లేదు. అంతకు మించితే చెప్పండి, స్టీలును చల్లగానే ఒత్తి సరిచేయొచ్చు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములతో ఆ పని కుదరదు.

మీరు ఫోటో పెట్టిన సీటు కాడ దగ్గర నాకు తెల్లటి పొడి కనపడింది. దాన్ని వెంటనే చూసుకోండి. స్టీలు గొట్టంలో అల్యూమినియం కాడ, మధ్యలో చెమట, తేమ, గ్రీజు లేకుండా ఏళ్లు గడిస్తే రెండూ పట్టేసుకుంటాయి. దేవరకొండ నుంచి ఒక టీచర్ తెచ్చిన బండి సరిగ్గా ఇదే. సీటు దించలేక అయిదేళ్లుగా తన ఎత్తుకు మించి తొక్కుతున్నారు. సుత్తితో కొట్టినా, బ్లో ల్యాంపు పెట్టినా రంగు, ఫ్రేము రెండూ పోతాయి. మేం చేసింది ఇది: సీటు బోల్టు పూర్తిగా విప్పి, కాడ చుట్టూ తుప్పు వదిలించే నూనె పోశాం. పెడల్ ఇరుసు తీసి, ఫ్రేమును తలకిందులు చేసి, లోపలి నుంచి కూడా పోశాం. రోజూ కొంచెం చొప్పున వారం దాటేదాకా పోస్తూనే ఉన్నాం. తర్వాత కాడ తలను బెంచ్ వైస్‌లో గట్టిగా బిగించి, ఫ్రేమును రెండు చేతులతో సీటు గొట్టం దగ్గరగా పట్టుకుని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పాం. మొదట ఏమీ కదల్లేదు. తర్వాత ఎండు కట్టె విరిగినట్టు ఒక చప్పుడు, ఆపైన గరగరమంటూ అర అంగుళం తిరిగింది. తిరగడం మొదలైందంటే ఇక లాగడమే. కొత్త కాడ వేసేటప్పుడు పాతదాని మీద చెక్కిన అంకె చూసి అదే కొనండి. 26.8, 27.0, 27.2 అని 0.2 తేడాతో ఉంటాయి. దగ్గరగా ఉందికదా అని చిన్నది వేసి బిగిస్తే సీటు గొట్టం చెవులు లోపలికి వంగుతాయి. కాడకు నిండా గ్రీజు పట్టించి, ఏడాదికోసారి తీసి తుడిచి పెట్టుకుంటే ఈ బాధ మళ్లీ రాదు.

సామాను విషయం. మీరు భయపడుతున్నంత కష్టం లేదు. ఆ కాలం మౌంటెన్ బైకుల రిమ్ము 559 మిల్లీమీటర్లది. మన దగ్గర 26 అంగుళాల ఎంటీబీ సైకిళ్లకు వచ్చే టైరే సరిపోతుంది. 26x1.95, 26x2.1 అని అడగండి. దశాంశం లేకుండా 26x1 3/8 అని భిన్నంలో ఉండే 26 అంగుళాల టైరు మాత్రం వేరే రిమ్ముది, ఎక్కదు. గేర్లు మార్చేవి బొటనవేలితో తిప్పే థంబ్ షిఫ్టర్లయితే మీ అదృష్టం. క్లిక్కుల్లేని ఫ్రిక్షన్ రకానికి వెనక ఆరు పళ్లచక్రాలున్నా ఏడున్నా పట్టింపు లేదు, కొత్త ఏడు స్పీడ్ ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రాల గుత్తి), దానికి తగ్గ చైను వేస్తే నడుస్తుంది. పెడల్ ఇరుసుకు చతురస్రపు కొనలున్న షిమానో కార్ట్రిడ్జ్ ఇప్పటికీ కొత్తది వస్తోంది. ఇంగ్లిష్ థ్రెడ్ అయితే చైను వైపు కప్పు ఎడమ మరది, అంటే సవ్యదిశలో తిప్పితే విడుతుంది. మెకానిక్ మామూలుగా తిప్పి బలం చూపించకముందే ఈ మాట చెప్పండి. పాత ఫ్రీవీల్ విప్పడానికి దాని నమూనాకు తగ్గ టూల్ ఉంటుంది. ఉలి, సుత్తితో విప్పుతానంటే బండి ఇవ్వకండి.

వెనక హబ్బు పోతే కొంచెం ఆలోచించాలి. ఆ ఏళ్ల బండ్లకు వెనక డ్రాపవుట్ల మధ్య 126 లేదా 130 మిల్లీమీటర్లుంటుంది, తర్వాతి హబ్బులు 135. స్టీలు కాబట్టి రెండు వైపులా సమానంగా తెరిచి, డ్రాపవుట్లను మళ్లీ సమాంతరం చేయొచ్చు. కానీ హబ్బు బాగుంటే నేనైతే తెరవను. బేరింగ్ గోలీలు, గ్రీజు మార్చి అదే హబ్బుకు కొత్త రిమ్ము కట్టిస్తాను. అది బహుశా 36 రంధ్రాలదై ఉంటుంది. మన మామూలు సైకిళ్లకు ముందు 32, వెనక 40 పుల్లలు కాబట్టి ఆ రిమ్ములు పనికిరావు, హైదరాబాద్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి.

బ్రేకులు బహుశా క్యాంటిలివర్ రకం, అంటే రిమ్ముకు రెండు వైపులా ఉన్న చేతులను మధ్యలోంచి పైకి లాగేవి. కొందరు వాటిని తీసేసి, పొడవాటి చేతులను పక్కనుంచి లాగే వి-బ్రేకులు వేస్తారు, మంచిదే, కానీ లివర్లు కూడా మార్చాలి. లేకపోతే పాత లివర్ చాలినంత కేబుల్ లాగదు, మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. మీవి రోలర్ క్యామ్ లేదా యు-బ్రేకులైతే బ్రేకు చేతులు కూర్చునే మేకులు ఫ్రేము మీద వేరే చోట ఉంటాయి, వి-బ్రేకు కూర్చోదు. ముందు క్యాంటిలివర్‌కు ఒక కొక్కెం తప్పనిసరి. రెండు బ్రేకు చేతులను కలిపే అడ్డ తీగ ఉంటుంది చూడండి. పైనుంచి వచ్చే కేబుల్ తెగితే ఆ తీగ టైరు గుబ్బల మీద పడి చక్రాన్ని పట్టేస్తుంది, మనిషి తలకిందులుగా పడతాడు. టైరుకూ ఆ తీగకూ మధ్య ఒక చిన్న రిఫ్లెక్టర్ క్లిప్పు బిగిస్తే తీగ దాని మీదే ఆగుతుంది. చాలా చిన్న ఖర్చు. పాత కేబుళ్లతో ఒక్క గుట్ట కూడా దిగకండి.

డిస్కులు ఎందుకు వద్దన్నానంటే, డిస్క్ బ్రేకు ఒత్తిడంతా ఎడమ ఫోర్కు కాలు అడుగున, వెనక ఎడమ గొట్టం మీద పడుతుంది. మీ ఫ్రేము గీసినప్పుడు ఆ బరువు లెక్కలో లేదు. పలుచటి గొట్టం మీద పట్టీ అతికిస్తే అది మొదట వంగేది అక్కడే. సస్పెన్షన్ ఫోర్కు వేస్తే ముందు భాగం రెండు అంగుళాలకు పైగా లేస్తుంది, స్టీరింగ్ కోణం మూడు డిగ్రీల దాకా పడిపోతుంది, తిరగమంటే తిరగదు. పైగా మీ ఫోర్కు గొట్టం అంగుళంది అయితే దానికి సరిపోయే మంచి సస్పెన్షన్ వెతికి కొనడం వృథా శ్రమ. ఆ స్టీల్ ఫోర్కు ముందుకు వంగిన కాళ్లు, లావు టైరు కలిసి మన మొరం బాటలకు చాలినంత మెత్తగానే ఉంటాయి.

వెల్డింగ్ గురించి గట్టిగా చెప్పాలి. మహబూబ్‌నగర్ నుంచి ఒక కుర్రాడు డ్రాపవుట్ దగ్గర పగిలిన ఫ్రేము తెచ్చాడు. అప్పటికే ఇంటి గేట్లు చేసే చోట ఆర్క్ వెల్డింగ్ పెట్టించాడు. డ్రాపవుట్ అతుక్కుంది గానీ, పక్కనున్న గొట్టానికి బఠానీ గింజంత చిల్లు పడింది, చుట్టూ ఉక్కు పెళుసైపోయింది. ఆ గొట్టమే మార్చాల్సి వచ్చింది. ఇలాంటి ఫ్రేముల్లో చాలావాటిని గ్యాస్ మంటతో, ఇత్తడి పుల్లతో అతికిస్తారు. ఇత్తడి 900 డిగ్రీల చుట్టుపక్కల కరిగి సందుల్లోకి పారుతుంది, ఉక్కు కరగదు. ఉక్కు కరగాలంటే 1400 దాటాలి. కాబట్టి పగులు వస్తే సన్నటి మంటతో ఇత్తడి బ్రేజింగ్ చేసే పాత చేయి కావాలి, లేదా ఆర్గాన్ టిగ్ వెల్డింగ్ చేసేవాళ్లు. ముందు రంగు పూర్తిగా తీయించి, పగులు చివర ఎక్కడుందో చూపించి, ఇది పలుచటి క్రోమోలీ అని చెప్పండి. ఆ పేరు వినగానే జాగ్రత్తపడే మనిషికే పని ఇవ్వండి.

రంగు వేయించొద్దు. సాండ్ బ్లాస్టింగ్ పలుచటి గొట్టాన్ని ఇంకా తింటుంది, బిల్డర్ పేరు, గుర్తులు పోతాయి. గీతలు పడ్డ చోట తుప్పు తుడిచి చిన్న బ్రష్‌తో రంగు అద్దండి. పెడల్ ఇరుసు గొట్టం అడుగున సీరియల్ నంబరు ఉండొచ్చు, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసుకోండి. మీ మామ దగ్గర పాత బిల్లు, కొలతల కాగితం ఉంటే ఇప్పుడే అడిగి తీసుకోండి. పెద్దవాళ్ల బీరువాల్లో కాగితాలు ఎక్కువ కాలం నిలవవు.

మన నేల గురించి రెండు మాటలు. ఎర్ర చల్క, మొరం మీద ఈ బండి హాయిగా పోతుంది. వానాకాలంలో నల్లరేగడి జోలికి వెళ్లొద్దు. అలంపూర్ వైపు పొలాల్లోగానీ, మీ దగ్గర కాలువ కింద చేలల్లోగానీ ఆ మట్టి టైరుకు అంటుకుని బ్రేకుల దగ్గర, వెనక గొట్టాల మధ్య గట్టిపడుతుంది, చక్రం తిరుగుతూ రంగును గీకేస్తుంది. వాన తగ్గి గట్టిపడ్డాక సాగర్ ఎడమ కాలువ కట్ట బాట మీకు మంచి ప్రాక్టీసు. అమ్రాబాద్ పులుల అడవి బాటల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లే ఆలోచన చేయకండి.

అసలు శత్రువు ముళ్లు. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ. టైరు లోపల ముళ్లు ఆపే పట్టీ వేయించండి, కొంచెం బరువు పెరిగినా ఫరవాలేదు. పంక్చర్ వేశాక టైరు లోపల చేత్తో తడిమి, విరిగిన ముల్లు మొన దొరికేదాకా వదలొద్దు. గాలి మెషీన్ దగ్గర గట్టిగా కొట్టించుకోవద్దు. 65, 70 కిలోల మనిషికి వెనక 35 పీఎస్ఐ, ముందు 30 చాలు. రాళ్ల మీద పట్టు అప్పుడే ఉంటుంది. అమెరికా నుంచి వచ్చిన ట్యూబు సన్న వాల్వుదైతే మన పంపు పట్టదు, చిన్న అడాప్టర్ జేబులో ఉంచుకోండి. ఇప్పుడున్న పాత టైర్లు ఎంత కొత్తగా కనపడినా పక్కగోడలు ఎండిపోయి ఉంటాయి, మన ఎండలకు ఆగవు.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక దుమ్ము గాలిలోనే ఉంటుంది. చైనుకు చిక్కటి నూనె పోస్తే అది పేస్టులా మారి పళ్లను తినేస్తుంది. పలుచటి నూనె చుక్కచుక్క వేసి, పైపైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి. బైకుల సర్వీసింగ్ వాళ్ల ప్రెషర్ నీళ్లతో కడిగించొద్దు, తడి గుడ్డ చాలు. వానలో తడిస్తే ఇంటికొచ్చి సీటు కాడ తీసి, ఫ్రేమును తలకిందులు చేసి నీళ్లు కార్చేయండి. లోపల అవిసె నూనె పోసి అన్ని గొట్టాల్లోకి తిప్పి ఆరబెడితే తుప్పుకు అడ్డుపొరలా ఉంటుంది.

దిగుడు తొక్కడం ఒక్కటి వేరుగా నేర్చుకోవాలి. ఈ బండ్లలో బరువు ముందుకు ఉంటుంది. వాలు మొదలవకముందే నడుమును సీటు వెనక్కి జరపండి, మోచేతులు వంచి ఉంచండి, ముందు బ్రేకును మెల్లమెల్లగా పిండండి. మొదటి నెల గుట్టలు వద్దు. చెరువు కట్టల మీద తిప్పుతూ బోల్టులన్నీ మళ్లీ బిగించుకోండి.

ఇప్పుడు నాకు మూడు వివరాలు పంపండి: సీటు కాడ మీది అంకె, వెనక డ్రాపవుట్ల మధ్య దూరం, బ్రేకులను దగ్గరగా తీసిన ఫోటో. మీ ఎత్తు, మామ ఎత్తు కూడా రాయండి. అవి చూశాక స్టెమ్, హబ్బు, బ్రేకు రబ్బర్లు ఏవి కొనాలో చెబుతాను. పాత క్యాంటిలివర్లలో చాలావాటికి మర లేని నున్నటి కాడ రబ్బర్లే పడతాయి, కాబట్టి అప్పటిదాకా రబ్బర్లు కొనకండి.